విశాఖ రేవు ముందు మునిగిన ఘాజీ: 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి నిజంగా ఏం జరిగింది?

ప్రశ్న – తీరవాసి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నమే అయినా ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్లుగా బయటే ఉంటున్నాను. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మా అబ్బాయిని బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూపించి, తర్వాత విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర కాసేపు కూర్చున్నాము. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని మన నౌకాదళం ఇక్కడే ముంచిందని, దాని గుర్తుగానే ఏటా డిసెంబర్ 4న నేవీ డే జరుపుతారని, చిన్నప్పుడు నేను విన్నది విన్నట్టే వాడికి చెప్పాను.

వాడికి పదమూడేళ్లు. ఒక ప్రశ్నతో ఊరుకునే రకం కాదు. ముంచింది ఏ ఓడ అని అడిగితే రాజ్‌పుత్ అన్నాను. ఎలా ముంచిందంటే నీళ్లలోకి డెప్త్ ఛార్జీలు, అంటే లోతులో పేలే బాంబులు వేసి అన్నాను. "మరి లోపలున్న వాళ్లు?" అన్నాడు. అందరూ చనిపోయారన్నాను. "వాళ్లను బయటికి తీశారా?" అన్నాడు. అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెడితే, నేను ధీమాగా చెప్పిన మొదటి రెండు జవాబుల మీద కూడా అనుమానం పుట్టింది. తాను సముద్రంలో వేసిన మైన్లు, అంటే మందుపాతరలు, తనకే తగిలి ఘాజీ పేలిపోయిందని కొందరు, బ్యాటరీల్లో వాయువు చేరి పేలిందని మరికొందరు రాశారు. ఆ మధ్య వచ్చిన సినిమాలోనైతే మన జలాంతర్గామి సముద్రగర్భంలో దానితో తలపడినట్టు చూపించారు.

వివరాలు తెలిసిన పెద్దలు మూడు సంగతులు చెబితే సంతోషిస్తాను. అంత దూరం నుంచి ఘాజీ విశాఖకే ఎందుకు వచ్చింది? అది మునగడానికి కారణమని దేన్ని నమ్మవచ్చు? అందులోని మనుషులు ఏమయ్యారు?

జవాబు – పాత నావికుడు

తీరవాసి గారికి, ముందుగా ఒక చిన్న సవరణ. నేవీ డే ఘాజీ కోసం కాదు. 1971 డిసెంబర్ 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్ దాడికి గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారు. ఘాజీ మునిగింది అంతకు ముందటి అర్ధరాత్రి, అంటే 3వ తేదీ దాటి 4వ తేదీ మొదలైన తొలి నిమిషాల్లో. తేదీ ఒకటే కావడం, విన్యాసాలు మన ఆర్కే బీచ్‌లోనే జరగడం వల్ల విశాఖవాసుల్లో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. నేను నౌకాదళంలో చేరిన కొత్తలో నాకూ అదే అభిప్రాయం ఉండేది.

ఇక ఘాజీ విశాఖకు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు విక్రాంత్ సంగతి తెలియాలి. అప్పట్లో మనకున్న ఏకైక విమాన వాహక నౌక అది. తూర్పు పాకిస్తాన్‌ను, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌ను, సముద్రం వైపు నుంచి దిగ్బంధించాలంటే విక్రాంత్ బంగాళాఖాతంలో ఉండాలి. అది అక్కడ ఉన్నంతకాలం చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులకు ఊపిరి ఆడదని పాకిస్తాన్ నౌకాదళానికి తెలుసు. పైగా విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగులు ఇచ్చి, ఓడ పూర్తి వేగంతో పరుగెత్తలేని స్థితిలో ఉంది. జలాంతర్గామి కంటబడితే తప్పించుకోవడం కష్టం.

పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్సులో తయారైన డాఫ్నే తరగతి జలాంతర్గాములు మూడు ఉండేవి. అవి కొత్తవి, మంచివే, కాని కరాచీ నుంచి శ్రీలంకను చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి, వారాల తరబడి మాటువేసి, తిరిగి వెళ్లేంత దూరప్రయాణ శక్తి వాటికి లేదు. ఆ శక్తి ఉన్నది ఒక్క ఘాజీకే. అసలు పేరు డయాబ్లో. అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకాశాలలో తయారై 1944 డిసెంబర్‌లో నీట దిగింది, 1945 మార్చి చివర అమెరికా నౌకాదళంలో చేరింది. పసిఫిక్ మహాసముద్రపు దూరాల కోసం కట్టిన ఓడ కనుక ఒకసారి ఇంధనం నింపుకుంటే 11 వేల నాటికల్ మైళ్లు తిరగగలదు. 1964లో పాకిస్తాన్ దానిని అద్దె ఒప్పందం మీద తీసుకుంది. మన ఉపఖండంలో ఏ నౌకాదళానికైనా అదే మొదటి జలాంతర్గామి. 1965 యుద్ధం నాటికి మన దగ్గర ఒక్కటి కూడా లేదు. తర్వాత దానిని టర్కీకి పంపి బాగుచేయించి, మైన్లు వేసే ఏర్పాటు కూడా చేయించారు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, కథ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

1971 నవంబర్ 14న కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో, తొంభై మందికి పైగా సిబ్బందితో ఘాజీ కరాచీ విడిచింది. విక్రాంత్‌ను వెతికి ముంచడం దాని మొదటి పని. విశాఖ రేవు ముఖద్వారంలో మైన్లు వేయడం రెండో పని.

అప్పుడు తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతిగా విశాఖలో ఉన్నది వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఒక ప్రత్యేకమైన కందెన నూనె గురించి చిట్టగాంగ్‌కు వెళ్లిన సందేశం మనవాళ్ల చేతికి చిక్కిందని, అటువంటి నూనె వాడే ఓడలను బట్టి చూస్తే జలాంతర్గామి ఏదో ఇటు వస్తోందని అర్థమైందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఇటు రాగలిగిన జలాంతర్గామి ఒక్కటే కనుక పేరు కూడా తెలిసిపోయినట్టే. ఆయన విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవుల వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని నమ్మించే పనికి రాజ్‌పుత్‌ను నియమించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళంలో రోథర్‌హామ్ పేరుతో తిరిగిన ఆ డెస్ట్రాయర్ అప్పటికే వయసు మళ్లినది. పెద్ద ఓడ నుంచి వెలువడినట్టుగా దాని నుంచి వైర్‌లెస్ సందేశాలు హోరెత్తించారు. విశాఖ బజారులో భారీగా రేషను సరుకులకు, కూరగాయలకు పురమాయింపులు వెళ్లాయి. తల్లి ఆరోగ్యం ఎలా ఉందో తెలపమని విక్రాంత్ నావికుడొకరు ఇంటికి పంపినట్టు ఒక మామూలు తంతిని కూడా, ఎవరైనా వినేలా పంపించారు. ఇన్ని ఎత్తుల్లో నాకు బాగా నచ్చేది ఈ తంతే. యుద్ధకాలంలో రహస్యం బయటపడేది అటువంటి చిన్న అజాగ్రత్తలతోనే కనుక, వినేవాడు దాన్ని వెంటనే నమ్ముతాడు.

సినిమా సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆ రాత్రి విశాఖ ముందు రెండు జలాంతర్గాముల యుద్ధం ఏదీ జరగలేదు.

3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంతపు స్థావరాల మీద దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ రేవు నుంచి బయలుదేరింది. రేవు ఛానెల్ దాటి, ఓడకు దారి చూపే పైలట్‌ను దింపిన తర్వాత వేగం పెంచింది. కొద్దిసేపటికి ముందున్న నీటిలో అలజడి కనిపించగా, జలాంతర్గామి మునుగుతున్నదేమోనన్న అనుమానంతో ఆ చోట రెండు డెప్త్ ఛార్జీలు వేసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఎంత చూసినా ఏమీ కనిపించక తన దారిన సాగిపోయింది. అర్ధరాత్రి దాటి సుమారు పావుగంట అయ్యేసరికి ఊరి కిటికీలు అదిరేంత పెద్ద పేలుడు వినిపించింది. మర్నాడు సముద్రం మీద చమురు తెట్టు, తేలియాడే శకలాలు కనిపించాయి. డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. శిథిలాల్లో దొరికిన గడియారం ఆగిపోయిన సమయం పేలుడు వేళతో సరిపోయింది. డిసెంబర్ 9న ప్రభుత్వం ఈ వార్తను ప్రకటించింది.

ఇంతవరకు పెద్దగా వివాదం లేదు. ఆ రెండు డెప్త్ ఛార్జీలకూ, ఆ పెద్ద పేలుడుకూ మధ్య ఏం జరిగిందన్నదే అసలు తగాదా. దాని గురించి నాకన్నా ఓడల నిర్మాణం చదువుకున్నవారు చెబితే బాగుంటుంది.

జవాబు – ఉక్కుపలక

నేను యుద్ధ చరిత్రకారుణ్ని కాను. ఓడల మరమ్మతు రంగంలో పాతికేళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి లోహం చెప్పే సాక్ష్యం వరకే మాట్లాడతాను.

జలాంతర్గామికి బయటి పొట్టు ఒకటి, లోపల మనుషులు ఉండే పీడన కవచం ఒకటి ఉంటాయి. డెప్త్ ఛార్జీ అంటే పేలుడు పదార్థం నింపిన ఉక్కు పీపా. ముందుగా అమర్చిన లోతుకు చేరగానే నీటి పీడనానికి దాని ఫ్యూజు పనిచేస్తుంది. అది దగ్గరలో పేలితే ఆ తాకిడి కవచాన్ని బయటి నుంచి లోపలికి నొక్కుతుంది, అంటే పలకలు లోపలికి సొట్టపడతాయి. ఘాజీని చూసిన డైవర్ల కథనాల్లో సాధారణంగా కనిపించేది దీనికి విరుద్ధం. ముందు భాగం, టార్పెడోలు, మైన్లు ఉంచే చోటు, లోపలి నుంచి బయటికి విచ్చుకుని చీలిపోయి ఉంది. ఆ పేలుడు ఓడ కడుపులోనే, ముందు టార్పెడో గదిలోనో దాని దగ్గర్లోనో జరిగిందని ఇది చెబుతుంది. రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీ నేరుగా కవచాన్ని బద్దలుకొట్టిందన్న వాదన ఒక్కటే ఈ గుర్తుతో పొసగడం లేదు. తక్కిన వాదనలన్నీ ఏదో ఒక విధంగా పొసగుతాయి. తగాదా తెగకపోవడానికి కారణం ఇదే.

పాకిస్తాన్ పక్షం చాలాకాలంగా చెబుతున్నది మైన్ల మాట. ఇటువంటి మైన్లను టార్పెడో గొట్టాల్లోంచే బయటికి వదులుతారు. అవి అడుగున కూర్చుని, కొంత గడువు తర్వాత మేల్కొని, పైనుంచి పోయే ఓడ ఉక్కు అయస్కాంత ప్రభావానికో యంత్రాల చప్పుడుకో స్పందించి పేలుతాయి. వేసేవాడికి తాను ఎక్కడున్నాడో గజాల లెక్కన తెలిసి ఉండాలి, లేకపోతే తిరుగు దారిలో తను వేసిన వాటి మీదికే తను వస్తాడు. ఆ రాత్రి తీరమంతా బ్లాక్‌అవుట్. పెరిస్కోప్‌లోంచి గుర్తు పట్టడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ నీడ తప్ప దీపాలు లేవు. దానికి తోడు తీరం వెంబడి నీటి ప్రవాహం ఓడను పక్కకు నెడుతూ ఉంటుంది. దారి తప్పడం అసాధ్యమేమీ కాదు. అయితే అడుగున ఉన్న మైను పేలితే అది కూడా బయటి పేలుడే. ఆ పేలుడు లోపలున్న మైన్లను, టార్పెడోలను అంటించి ఉంటేనే ఆ చీలికకు అర్థం చెప్పగలం.

రెండో వాదన హైడ్రోజన్. డీజిల్‌తో నడిచే జలాంతర్గామి నీటి కింద బ్యాటరీల మీద తిరుగుతుంది, రాత్రిపూట వాటిని తిరిగి నింపుకోవాలి. నింపేటప్పుడు సీసపు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలి సరిగా ఆడక అది ఒక మోతాదు దాటితే నిప్పురవ్వ చాలు. ఇరవై ఆరేళ్ల ఓడ, ఇంటికి వేల మైళ్ల దూరంలో, మూడు వారాలుగా బాగుచేత లేకుండా తిరుగుతున్నది కనుక ఈ మాటను తోసిపుచ్చలేము. కాని బ్యాటరీ గదులు టార్పెడో గదికి వెనక ఉంటాయి. పేలుడు ముందు గదిలో కనిపించడం వల్ల నాకు ఇది అంత బలంగా తోచదు.

మూడోది అడ్మిరల్ కృష్ణన్ ఊహ. రాజ్‌పుత్ వస్తున్న చప్పుడు విని ఘాజీ ఆదరాబాదరాగా మునిగిందని, లోతు తక్కువైన చోట, డెప్త్ ఛార్జీల అదురుకు ముక్కు నేలను కొట్టుకుందని, ముందు గదిలో నిప్పు పుట్టి మైన్లు అంటుకున్నాయని ఆయన అనుకున్నారు. పేలుడు కొన్ని నిమిషాలు ఆలస్యంగా రావడాన్ని, చీలిక బయటి వైపుకు ఉండడాన్ని రెంటినీ ఒకేసారి వివరించేది ఈ ఊహే. నా మొగ్గు కూడా ఇటే, కాని ఇది ఊహ అన్న సంగతి మరచిపోకూడదు. మన సైన్యంలోనే పెద్ద హోదాలో పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ వంటివారు ఇది ప్రమాదమేనని బాహాటంగా అన్నారు. ఘాజీకి సంబంధించిన పాత కాగితాలు ధ్వంసమైపోయాయని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. వాటిలో ఏముందో ఇప్పుడు ఎవరు ఏమన్నా సరిచూసే దారి లేదు.

మీ అబ్బాయికి నేనైతే ఇలా చెబుతాను: రాజ్‌పుత్ ముంచిందని ఖాయంగా అనలేము, కాని కృష్ణన్ ఎర వేయకపోతే, రాజ్‌పుత్ ఆ వేళ బయటికి రాకపోతే ఘాజీ ఆ చోట ఆ స్థితిలో ఉండేది కాదేమో.

జవాబు – కోటవీధి

సాంకేతిక విషయాలు నాకు తెలియవు. మేము అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం, నాకు తొమ్మిదేళ్లు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించి, లాంతరు వత్తి బాగా తగ్గించి మంచం కింద పెట్టేవారు. ఆ రాత్రి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు జాతినుద్దేశించి మాట్లాడతారని మా నాన్నగారు రేడియో ముందు కూర్చున్నారు. నేను నిద్రలో ఉన్నాను, చప్పుడు వినలేదు. అద్దాలు గలగలలాడితే మా అమ్మ బాంబు పడిందనుకుని మమ్మల్ని లేపి గోడవారగా కూర్చోబెట్టింది. నాకు గుర్తున్నది నిద్ర చెడిపోయినందుకు ఏడవడమే.

మర్నాడు జాలరి పడవల వాళ్లు నూనె తెట్టు చూశామని, ఏవో ముక్కలు, లైఫ్ జాకెట్లు తెచ్చి నేవీ వాళ్లకు ఇచ్చారని ఊరంతా చెప్పుకున్నారు. ఆ వారమంతా చేపలు తినడానికి మా ఇంట్లో ఎవరూ ఇష్టపడలేదు. ఎందుకో పెద్దవాళ్లు పైకి అనలేదు, ఇప్పుడు అర్థమవుతుంది. మా నాన్నగారు రేవులో గుమాస్తా. ఛానెల్ ఒడ్డున మూడు కొండలున్నాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. ఆ మూడు ఉండగా ఊరికి ఏమీ కాదని ఆయన నమ్మకం. ఆ ఏడాది తర్వాత మూడింటికీ కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, అగరొత్తులు ఏవి ఎక్కడ చెల్లించాలో అక్కడ చెల్లించి వచ్చారు.

జవాబు – విజయపతాకం

చర్చ ఆసక్తిగానే ఉంది కాని నాకొక అభ్యంతరం ఉంది. ఆ జలాంతర్గామి వచ్చింది మన విక్రాంత్‌ను వెయ్యిమందికి పైగా మనుషులతో సహా ముంచడానికి. మన రేవులో మైన్లు వేయడానికి. పని జరిగి ఉంటే ఇక్కడ మనం మన వాళ్ల స్మారకం గురించి మాట్లాడుకునేవాళ్లం. రాజ్‌పుత్ ముంచలేదేమో, ప్రమాదమేమో అని మనమే మన విజయాన్ని తక్కువ చేసుకుని, శత్రువుల శవాలు ఏమయ్యాయో అని విచారించడం దేనికి?

జవాబు – పాత నావికుడు

విజయపతాకం గారూ, మీ మాటలో మొదటి సగం అక్షరాలా నిజం. విక్రాంత్ దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తుంది. రెండో సగానికి జవాబుగా అదే నెల 9వ తేదీ సంగతి చెబుతాను. ఘాజీ మునిగిందని మన ప్రభుత్వం ప్రకటించిన రోజు అది. ఆ రాత్రే దాదాపు తొమ్మిది గంటల వేళ, పశ్చిమ తీరంలో డయ్యూకు నైరుతి దిశగా సముద్రంలో, మన ఫ్రిగేట్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచింది.

ఆ ప్రాంతంలో జలాంతర్గామి ఉందని తెలిసే ఖుక్రీ, మన మరో ఫ్రిగేట్ కిర్పాన్ రెండూ దాన్ని వేటాడడానికి వెళ్లాయి. నీటి కింది చప్పుళ్లను పసిగట్టే సోనార్‌కు అమర్చిన కొత్త పరికరాన్ని పరీక్షించడం కోసం ఖుక్రీ వేగం తగ్గించి నడుస్తున్నది. హంగోర్ మొదటి టార్పెడోను కిర్పాన్ మీద వేసింది, అది పేలలేదు. రెండోది ఖుక్రీ ఆయుధాగారం కింద తగిలింది. ఓడ మునగడానికి పట్టింది రెండు మూడు నిమిషాలు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఇంకొకరికి ఇచ్చి, దొరికినవారిని దొరికినట్టు నీళ్లలోకి తోసి, తాను ఓడతోనే ఉండిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. 67 మందిని మర్నాడు కచ్చాల్ అనే ఓడ నీళ్లలోంచి తీసింది.

యుద్ధనౌక పోవడమంటే ఏమిటో నేలమీది యుద్ధం ఎరిగినవారికి తెలియదు. నేల మీద గుర్తు మిగులుతుంది, ఒక్కొక్కరుగా పోతారు, పక్కవాడు చూస్తాడు. ఓడలో వంటవాడు, రేడియో ఆపరేటరు, ఆ పూట డ్యూటీ లేక నిద్రపోతున్న కుర్రవాడు, కెప్టెన్ అందరూ ఒకే నిమిషంలో, ఒకే చోట పోతారు. ఇంటికి తీసుకుపోవడానికి ఏమీ ఉండదు. ఖుక్రీలో పోయిన 194 మంది ఇళ్లలో కర్మకాండ దేనికి చేయాలన్న ప్రశ్న వచ్చింది. కరాచీ వైపు ఇళ్లలోనూ అదే ప్రశ్న. ఘాజీ నుంచి బతికి బయటపడినవారు ఒక్కరూ లేరు కనుక, చివరి నిమిషం ఎలా గడిచిందో వాళ్లకు చెప్పగలిగిన మనిషి కూడా లేడు. ఉక్కుపలక గారు చెప్పిన మూడు వాదనల్లో ఏది నిజమో తేలకపోవడం మనకు చరిత్ర సమస్య. వాళ్లకు అది ఇంటి సమస్య.

నాకైతే ఇందులో మన విజయం తగ్గిపోయినట్టు అనిపించదు. విక్రాంత్ యుద్ధం మొదలైన నాటి నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి విమానాలు పంపుతూనే ఉంది. దాన్ని కాపాడింది కృష్ణన్ తెలివి. డెప్త్ ఛార్జీ తగిలిందా లేదా అన్నది తేలకపోయినా ఆ తెలివికి లోటు రాదు.

ప్రశ్నకర్త – తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. నేవీ డే గురించి ఇన్నేళ్లుగా తప్పు చెబుతున్నానని సిగ్గుపడ్డాను. ఈ జవాబులన్నీ మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాడు: వాళ్లను బయటికి తీశారా? అమెరికా, రష్యా ఓడను పైకి తీస్తామన్నాయని ఎక్కడో చదివాను, ఎందుకు వద్దన్నారో అర్థం కాలేదు. ఇంకొకటి కూడా అడగమన్నాడు. బీచ్‌లో నిలబడి అది ఎటు ఉందని చూపించాలి?

జవాబు – ఉక్కుపలక

డైవర్లు కొన్ని మృతదేహాలను మాత్రమే పైకి తెచ్చారు. మిగతా వారంతా ఓడలోనే ఉన్నారు. ఘాజీని పైకి తీయడానికి అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ముందుకొచ్చిన మాట, మన ప్రభుత్వం ఒప్పుకోని మాట నిజమే. అమెరికాకు అది తాను అద్దెకిచ్చిన ఓడ, సోవియట్‌కు అది అమెరికా సాంకేతికత చూసే అవకాశం, కనుక ఇద్దరి ఆసక్తీ మనుషుల మీద కాదని నా అనుమానం. మునిగిన యుద్ధనౌకను అందులోని వారి సమాధిగా చూసి కదిలించకుండా వదిలేయడం నావికుల లోకంలో పాత ఆనవాయితీ.

అన్నట్టు విశాఖ ముందు అటువంటి సమాధి ఇదొక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ను మన జమునా, ఆస్ట్రేలియాకు చెందిన లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ ఓడలు కలిసి ఇక్కడే ముంచాయి, అందులోనూ ఎవరూ మిగల్లేదు. ఈమధ్య మన నౌకాదళం లోతు నీటిలో చిక్కుకున్న జలాంతర్గామి సిబ్బందిని రక్షించడానికి కొన్న కొత్త వాహనంతో అన్వేషణ జరిపినప్పుడు ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని 2024లో వార్తలు వచ్చాయి. బతికున్నవారిని తీయడానికి కొన్న పరికరానికి కనిపించింది ఈ సమాధి.

జవాబు – పాత నావికుడు

ఒక సంగతి చేర్చి ముగిస్తాను. పోయిన ఓడ పేరును కొత్త ఓడకు పెట్టడం రెండు నౌకాదళాల్లోనూ ఉంది. పాకిస్తాన్ 1975లో పోర్చుగల్ నుంచి కొన్న జలాంతర్గామికి మళ్లీ ఘాజీ అనే పేరు పెట్టుకుంది. మనం 1989లో కొత్త కార్వెట్‌కు ఖుక్రీ అని పెట్టుకున్నాము. ఆ రెండో ఖుక్రీ 32 ఏళ్లు పనిచేసి, 2021 డిసెంబర్‌లో మన విశాఖలోనే జెండా దించుకుంది. తర్వాత దాన్ని డయ్యూకు పంపి మ్యూజియంగా నిలిపారు, మొదటి ఖుక్రీ స్మారకం ఉన్న ఊరికే. ఖుక్రీని ముంచిన హంగోర్‌ను కరాచీలో మ్యూజియంలో ఉంచారు. మీ అబ్బాయి కురుసురలో దిగి చూసిన ఇరుకు దారులు, ఒకరి మీద ఒకరు పడుకునే పరుపులు, ముందు గదిలో టార్పెడోల పక్కనే వేలాడే మంచాలు ఏ దేశపు జలాంతర్గామిలోనైనా దాదాపు అంతే. ఘాజీ ముందు గది ఎలా ఉండేదో వాడు ఇప్పటికే చూశాడు.

జవాబు – కోటవీధి

ఎటు చూపించాలో నేను చెబుతాను. ఆర్కే బీచ్‌లో నిలబడితే సరిగా తెలియదు. కోస్టల్ బ్యాటరీ దాకా నడిచి రండి, కుడి చేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. కొండ ముక్కు చివరనుంచి, అలలను ఆపే రేవు గోడ (బ్రేక్‌వాటర్) దాటి, సముద్రం వైపు చూపు సాగనివ్వండి. లోపలికి రావడానికి వంతు కోసం లంగరేసుకున్న సరుకు ఓడలు నాలుగైదు ఎప్పుడూ అక్కడ ఉంటాయి. వాటికి ఇవతల, ఒడ్డుకు రెండు మూడు కిలోమీటర్లలోనే. పొద్దున్నే ఆరింటికి వస్తే చేపల రేవు నుంచి పడవలు ఆ నీటి మీదుగానే వేటకు వెళ్తుంటాయి.